పిల్లి ముట్టని పాలు

లీలావతి మట్టి మూకుడులో పాలు పోసి రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. పిల్లి నిదానంగా వచ్చింది. మూకుడు చుట్టూ ఒకసారి తిరిగి, మీసాలు తగిలీ తగలనట్టు వాసన చూసింది. ముందు కాలు ఎత్తి, తడిలో పెట్టినట్టు విదిలించింది. తోక నిక్కబెట్టుకొని ప్రహరీ గోడెక్కి అవతలి వైపు చూస్తూ కూర్చుంది.

"చిట్టీ, దా. తాగు బిడ్డా."

పిల్లి ఒక చెవి మాత్రం ఇటు తిప్పింది.

ఆ ఇంట్లో ఏ తిండి మీద అనుమానం వచ్చినా ముందు పిల్లికే పెట్టేవాళ్లు. చేపలు కొన్న రోజు ఒక ముక్క, బజారు మిర్చీలు వచ్చిన రోజు ఒక తునక. పిల్లి తింటే పిల్లల పళ్లేల్లో పడేది, మూతి తిప్పితే గిన్నె గిన్నెంతా పెరట్లోకి పోయేది. ఇన్నేళ్లలో పిల్లి చెప్పింది తప్పని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

అయినా ఒక్క సాక్ష్యం చాలదనిపించి, అవే పాలలో బన్ను నానేసి జాకీ ముందు పెట్టింది. జాకీ ఎంగిలి విస్తరాకును కూడా వదలని కుక్క. అది లేచి వచ్చి, బన్ను వాసన చూసి, లీలావతి చెయ్యి నాకి, మళ్లీ వెళ్లి మెట్ల కింద పడుకుంది.

"ఇగో, ఇంటున్నరా? పాలు పిల్లి ముడుతలేదు, కుక్క ముడుతలేదు."

భర్త గోపాల్ విత్తనాల దుకాణానికి బయలుదేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "ఆకలి లేదేమోనే."

"రెండిటికీ ఒక్కసారే ఆకలి పోతదా?"

"మొన్న నీ బెండకాయ కూర కూడా అవి ముట్టలే. నేను తిన్న. నన్నెవరన్న అడిగిన్రా?"

"మీకన్నీ నవ్వులాటనే. డాక్టరమ్మ ఏమన్నదో నిన్న మీరు గూడ ఇన్నరు కదా."

గోపాల్ నవ్వు ఆపేశాడు. నిన్న దవాఖానలో, కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు వైష్ణవి బరువు చూశారు. ఏడో నెల. పోయిన నెల ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. "పాప తింటున్నదా?" అని డాక్టరమ్మ అడిగింది. "ఎందుకు తినదు మేడం! పొద్దుగాల కుంకుమపువ్వు పాలు, మాపటికి బాదం పాలు, నాటుకోడి గుడ్లు" అని లీలావతి వేళ్లు మడుస్తూ చెప్పింది. "మరి అవన్నీ ఎటు పోతున్నయమ్మా?" అని డాక్టరమ్మ నవ్వుతూనే అంది. కానీ ఆ మాట లీలావతి చెవిలోంచి పోలేదు. ఆటోలో వస్తున్నంతసేపూ అదే. రాత్రి కంచం ముందు కూర్చున్నా అదే. ఎటు పోతున్నాయి?

గుడ్లు తెలిసినవాళ్ల ఇంటివి. బాదం పప్పు తాను చేత్తో ఏరి కొన్నది. కుంకుమపువ్వు మిర్యాలగూడ నుంచి వియ్యపురాలు పంపింది, దాన్ని అనుమానించడానికి లేదు. ఇక మిగిలినవి పాలు. నీళ్లు కలిపితే కలిపారు, బరువు పెరగకపోతే పెరగకపోయింది. ఇంకేమన్నా కలిపితే? యూరియా అంటున్నారు, సబ్బు పొడి అంటున్నారు, సూదులంటున్నారు. అది కడుపులో పిల్లకు చేరితే?

"వైషూ, పాలు తాగినవా?" అని లోపలికి కేకేసింది.

"ఆఁ, తాగిన అమ్మా."

వంటింటి గట్టు మీద గాజు గ్లాసు కడిగి బోర్లించి ఉంది. ఇంత బరువు కడుపుతో కూడా తాగిన గ్లాసు తానే కడుక్కుంటున్న బిడ్డను చూస్తే లీలావతికి ముద్దొచ్చింది. ఆ వెంటనే భయం కూడా వేసింది. ఏం తాగిందో ఏమో.

పై పోర్షన్‌లో కిరాయికి ఉండే దేవికది కోదాడ. లీలావతి చెప్పింది విని ఆమె ఆశ్చర్యపోలేదు.

"అక్కా, ఈ రోజుల్లో ఎవర్నని నమ్ముతాం చెప్పండి? మా కోదాడలో మా పిన్ని వాళ్లింటికి పాలు పోసేవాడు ఎంత మంచిగా మాట్లాడేవాడో! ఉండండి, మీకో వీడియో చూపిస్తాను."

ఫోన్‌లో ఎవరో పాలచుక్కను వాలుగా పెట్టిన పలక మీద వేస్తున్నాడు. మంచి పాలైతే తెల్లటి గీత వదులుతూ నెమ్మదిగా జారతాయట. నీళ్లు కలిసిన పాలు గీత లేకుండా జారిపోతాయట. దేవిక స్టీలు పళ్లెం వాలుగా పట్టుకుంది. లీలావతి వేలితో చుక్క వేసింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. చుక్క నెమ్మదిగా జారింది. వెనక తెల్లటి గీత పడింది.

"గీత వచ్చింది కదక్కా."

"వచ్చింది గని సన్నగున్నది."

దేవిక కళ్లు దగ్గరికి తెచ్చి చూసింది. "అవును, సన్నగానే ఉంది. సబ్బు పొడి కలిపితే గీత వస్తుందంటారు. అందుకే కలుపుతారేమో."

లీలావతికి అది నిజమే అనిపించింది. గీత రాకపోయి ఉంటే నీళ్లే అనుకునేది. వచ్చింది కాబట్టి అంతకంటే పెద్దదేదో ఉంది.

సాయంత్రం వీధి మొగలో ఆటో ఆగిన చప్పుడు వినగానే లీలావతి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. జానమ్మ చివ్వెంల నుంచి రెండు పూటలా షేర్ ఆటోలో వస్తుంది. నెత్తి మీద సుట్టబట్ట, దాని మీద సిల్వర్ డబ్బా, చేతిలో కొక్కెం ఉన్న కొలత గ్లాసు. గేటు గేటుకూ డబ్బా దింపి, మూత తీసి, ఒకసారి కలియదిప్పి పోస్తుంది. ఇన్నాళ్లూ ఆ చేతి వంక లీలావతి చూసిందే లేదు. ఇవ్వాళ గోళ్లతో సహా చూసింది. మూత సందులో పెట్టిన ప్లాస్టిక్ కవరును చూసింది. డబ్బా అంచున తెల్లగా ఏదో ఎండి ఉంది. అది కూడా చూసింది.

"ఏంది జానమ్మా, డబ్బాకు తెల్లగ?"

"సబ్బమ్మా. తోముతె సందులల్ల మిగుల్తది."

సబ్బు. ఆమె నోటి నుంచే వచ్చింది. లీలావతి పెదవులు బిగించింది.

"బర్రెకు సూదులేమన్న ఏపిస్తున్నరా, పాలు దిగనీకి?"

"ఏం సూదులమ్మా! దూడ ఉన్నది కదా, అదే దింపుతది."

"మరి పాల వాసన మారింది."

జానమ్మ కొలత గ్లాసులో వేలు ముంచి నాలుక మీద వేసుకుంది. "పచ్చిగడ్డి అయిపోయిందమ్మా. వరి కోసినంక కొత్త గడ్డి ఏస్తున్నం. గడ్డి మారితే జర వాసన మారుతది. మల్ల సర్దుకుంటది."

మారిందని ఒప్పుకుంది. లీలావతి గిన్నె పట్టుకొని లోపలికి వచ్చింది. జానమ్మ ఎప్పటిలాగే కొలత మీద కొంచెం ఎక్కువ పోసింది. ఎందుకు పోసిందో కూడా ఇప్పుడు లీలావతికి అర్థమైనట్టే ఉంది. ఊరికే ఎవరు పోస్తారు?

మర్నాడు పొద్దున్నే ఆమె మట్టి మూకుడు తెచ్చి గేటు బయట, సిమెంటు దిమ్మె మీద పెట్టింది. జానమ్మ డబ్బా దింపగానే వేలు చూపించింది.

"ముందు దీంట్ల పోయ్."

"పిల్లికా అమ్మా?" జానమ్మ నవ్వి పోసింది.

ఎదురింటి రామలింగయ్య పేపరు కిందికి దించాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. పైన బాల్కనీలో దేవిక తువ్వాలు ఆరేస్తూ ఆగింది. పాలకు గిన్నెలు తెచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు అక్కడే నిలబడ్డారు. చిట్టి గోడ మీది నుంచి దిగింది. వచ్చింది. వాసన చూసింది. కాలు విదిలించింది. పోయింది.

"సూసినవా?" లీలావతి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నోరులేని జీవి గూడ ముడుతలేదు. ఏం కలుపుతున్నవ్ చెప్పు! నా బిడ్డ కడుపుతోని ఉన్నదని ఎరికే కదా నీకు?"

జానమ్మ మొదట అర్థం కానట్టు పిల్లి వంక చూసింది. తర్వాత లీలావతి వంక చూసింది. "నీళ్ల సుక్క గూడ కలపలేదమ్మా. మీ పిల్లికి ఏమైందో నాకేమెరుక? మబ్బులనే లేసి గారెలు తిన్నదేమో."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు విని లీలావతి గొంతు ఇంకా పెంచింది.

"ఎకసెక్కాలా? ఇన్నొద్దులు నమ్మి తాగితే నా బిడ్డ తూకం ఎక్కుతలేదు. డాక్టరమ్మ అడిగితే మొకం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే నాకు. గడ్డి మారిందని ఒకసారి, సబ్బని ఒకసారి. దొంగ మాటలు!"

దిమ్మె మీది మూకుడు అందుకొని వంచేసింది. పాలు గేటు ముందున్న మురికి కాలువలో పడ్డాయి. నల్లటి నీటి మీద తెల్లగా పరుచుకొని, పక్క ఇంటి వైపు సాగాయి.

నిలబడ్డవాళ్లలో ఒకామె "అయ్యో" అంది.

జానమ్మ వంగి, కాలువ గట్టు మీద చిందిన చుక్కలను వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. డబ్బాకు మూత పెట్టి, ప్లాస్టిక్ కవరు సరిగ్గా పడిందో లేదో చూసుకొని లేచింది. "పాలమ్మా అవి. మోరిల పోస్తరా ఎవరన్న?" అంది నెమ్మదిగా. సుట్టబట్ట సర్దుకొని డబ్బా ఎత్తుకుంది. గిన్నెలు తెచ్చిన ఆడవాళ్ల వైపు ఒక్క క్షణం చూసింది. వాళ్లు గిన్నెలు చాపలేదు.

కిటికీ పరదా వెనక నుంచి వైష్ణవి "అమ్మా..." అంది.

"నువ్వు లోపటికి పో. ఈ లొల్లి నీకెందుకు?"

మరుసటి రోజుకే వీధిలో గేట్లకు పాల ప్యాకెట్ల సంచులు వేలాడాయి. జానమ్మ వచ్చింది. "పాలూ" అన్న కేక మొగలో ఎప్పటిలాగే మొదలై, వీధి మధ్యకు వచ్చేసరికి సన్నబడింది. రామలింగయ్య ఒక్కడే గ్లాసు పట్టుకొచ్చాడు. డబ్బా ఎంత బరువుతో వచ్చిందో అంత బరువుతోనే తిరిగి ఆటో ఎక్కింది. సాయంత్రం రాలేదు. ఆ తర్వాత పొద్దున కూడా రాలేదు.

లీలావతికి మొదట్లో గర్వంగానే అనిపించింది. నల్లా దగ్గర ఆడవాళ్లు ఆమెకు జాగా ఇచ్చారు. "మీరు కనుక్కున్నరు కాబట్టి బతికినం" అన్నారు. దేవిక కోదాడకు ఫోన్ చేసి "మా కింది అక్క పట్టేసింది. ఏకంగా యూరియాయే కలిపేదట" అని చెప్పడం మెట్ల మీద వినిపించింది. యూరియా అని తాను అనలేదే అనుకుంది లీలావతి. అనలేదు కానీ, అనుకున్నది మాత్రం నిజం. అందుకని ఊరుకుంది.

అప్పుడు ప్యాకెట్ పాలు మూకుడులో పోసింది. చిట్టి వాసన చూసి పోయింది. దుకాణం మార్చి ఇంకో రకం ప్యాకెట్ తెప్పించింది. అదీ అంతే. జాకీ అయితే లేవను కూడా లేవలేదు.

లీలావతి మూకుడు బోర్లించింది. అంటే లోకంలో ఎక్కడా మంచి పాలు లేవా? లేకపోతే వీటికే ఎవరైనా ఏదైనా పెట్టారా? పిల్లిని పట్టుకొని ఒళ్లో వేసుకొని వెతికింది. రోగం లక్షణం ఏదీ లేదు. పొట్ట గుండ్రంగా, బొచ్చు నిగనిగలాడుతూ ఉంది. మూతి దగ్గర చూసి ఆగిపోయింది. మీసాల కింద తెల్ల బొచ్చుకు పసుపు రంగు అంటి ఉంది.

పసుపు! ఆమె మనసు నేరుగా చివ్వెంలకే పోయింది. కడుపు మండిన మనిషి ఊరికే ఉంటదా? ఎవరి చేతనైనా మందు పెట్టించి, పసుపుబియ్యం చల్లించి... నోరులేని జీవాల మీద ఆగిపోతుందా, ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి మీదికి వస్తుందా? గోపాల్‌తో చెప్తే నవ్వుతాడు. ఎవరు పెడుతున్నారో కళ్లతో చూడాలి.

మధ్యాహ్నం అన్నాలయ్యాక వైష్ణవికి పాల గ్లాసు ఇచ్చి, "నేను జర నడుం వాలుస్త" అని చెప్పింది. ముందు గదిలోకి పోయినట్టే పోయి, పక్క సందులోంచి వెనక్కి వచ్చి స్నానాల గదిలో తలుపు ఓరగా వేసుకొని నిలబడింది. అక్కడి నుంచి పెరడంతా కనిపిస్తుంది. గోడ మీదికి ఎవరు వస్తారో, ఏం విసిరేస్తారో చూద్దామని అటే కళ్లు పెట్టుకుంది.

గోడ మీదికి ఎవరూ రాలేదు. వంటింటి వెనక తలుపు తెరుచుకుంది.

వైష్ణవి బయటికి వచ్చింది. ఒక చేత్తో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇంకో చేతిలో గ్లాసు. బట్టలుతికే బండ పక్కన పగిలిన సిమెంటు తొట్టి ఒకటి ఉంది. పిలవక ముందే చిట్టి వచ్చి తొట్టి అంచున కూర్చుంది. జాకీ తోక ఊపుతూ వచ్చింది. వైష్ణవి మొహం పక్కకు తిప్పుకొని పాలు తొట్టిలో వంచింది. చక్కెర, బాదం, కుంకుమపువ్వు కలిపిన చిక్కటి పసుప్పచ్చటి పాలు. పిల్లి కళ్లు మూసుకొని చప్పుడు చేస్తూ తాగింది. పైట చెంగులో కట్టుకొచ్చిన ఉడకబెట్టిన గుడ్డు తీసి వైష్ణవి జాకీకి వేసింది. అది కొరకకుండానే మింగింది.

ఆ తర్వాత వైష్ణవి బండ పట్టుకొని వంగింది. కడుపులోంచి ఎక్కిళ్లలాగా వచ్చింది కానీ ఏమీ పడలేదు. గ్లాసు నల్లా కింద పెట్టి కడిగి, కొంగుతో తుడిచింది.

లీలావతి తలుపు తోసుకొని వచ్చింది. వైష్ణవి చేతిలోంచి గ్లాసు జారి మట్టిలో పడింది.

"ఎన్నొద్దుల నుంచే ఇది?"

"అమ్మా, అరవకు. పైన దేవికక్క ఇంటది."

"ఎన్నొద్దుల నుంచి అంటున్న!"

"వచ్చినకాడి నుంచి." వైష్ణవి బండ మీద కూర్చుంది. "పాల వాసనొస్తే కక్కొస్తది. గుడ్డు పచ్చసొన సూస్తేనే... తాగనంటే నువ్వు ఏడుస్తవ్. ఏడ్చి మిర్యాలగూడకు ఫోన్ జేస్తవ్. మా అత్తమ్మ శశిధర్‌కు చెప్తది. ఆయన మిల్లు ఇడిసిపెట్టి ఉరికొస్తడు. ఎందుకొచ్చిన పరేషాన్ అని..."

"మరి జానమ్మను గేటుకాడ అంటుంటె నీ నోరేమైంది?"

"పిలిచిన. లోపటికి పొమ్మన్నవ్."

లీలావతి తొట్టి వంక చూసింది. తొట్టిలో అడుగున ఒకటి రెండు కుంకుమపువ్వు రేకులు మిగిలితే పిల్లి వాటిని కూడా నాకుతోంది. రోజూ తీపి పాలు తాగే నోటికి పచ్చిపాలు ఎట్లా పోతాయి?

"మాపటికి చెప్దామనుకున్న," అంది వైష్ణవి. "గప్పటికే నువ్వు పాలు మోరిల పోసినవ్. గల్లీ అంత సూసింది. ఇగ చెప్తే నీ మొకం ఎట్లయితదో అని చెప్పలే."

లీలావతి ఆ సాయంత్రమే మేడ మెట్లెక్కింది. మెట్ల మీద ఏం చెప్పాలో తయారు చేసుకుంది. బిడ్డ పేరు రాకూడదు. కడుపుతో ఉన్న పిల్ల తిండి కుక్కకూ పిల్లికీ వేస్తోందని బయట పడితే ఆ మాట ఎక్కడెక్కడికి పోతుందో, ఎన్ని రంగులు పూసుకుంటుందో ఆమెకు బాగా తెలుసు. తల్లి సరిగ్గా చూసుకోవడం లేదంటారు. వియ్యపురాలు అంత ప్రేమగా పంపిన కుంకుమపువ్వు పిల్లి పాలైందంటారు.

"దేవికా, నేనే పొరపడ్డనే. జానమ్మ పాలు మంచియే."

"ఎవరన్నారు?"

"ఎవరో అనుడెందుకు? నాకే తెలిసింది."

దేవిక ఆమె మొహం వంక జాలిగా చూసింది. "మీ దగ్గరికొచ్చి ఏడ్చిందా? మీరు మెత్తటి మనిషి అక్కా. పిల్లి ముట్టకపోవడం మేమందరం చూశాం కదా. అదీగాక, మా బాబుకి ఆ వారమంతా విరేచనాలు. అప్పుడు నాకు తట్టలేదు, మీరు చెప్పాక తట్టింది."

పక్కింటికి పోయింది. ఆ ఇంటి కోడలు జుట్టు రాలిపోవడానికి కూడా ఆ పాలే కారణమట. ఇంకో ఇంట్లో "మిమ్మల్ని బెదిరించిందా ఏంది? చెప్పుండ్రి, మేం లేమా?" అన్నారు. తన మాటలే తనకు తిరిగి వస్తున్నాయి. వచ్చేటప్పుడు ఇంకా బలిసి వస్తున్నాయి.

మర్నాడు ఆటో ఎక్కి చివ్వెంల పోయింది. దారి పొడుగునా కోసిన పొలాలు, కల్లాల్లో వడ్ల రాశులు. జానమ్మ ఇల్లు అడిగితే చూపించారు. రేకుల కొట్టంలో జానమ్మ బర్రెకు గడ్డి వేస్తోంది. ఆమె భర్త యాదగిరి గడ్డి మోపు విప్పుతూ లీలావతిని చూసి, మోపు అక్కడే వదిలేసి బయటికి పోయాడు.

"కూసోండ్రి," అంది జానమ్మ. పీట చూపించింది కానీ తెచ్చి వేయలేదు.

లీలావతి కూర్చోలేదు. నిలబడే చెప్పింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ అంతా చెప్పింది. పిల్లి సంగతి, తొట్టి సంగతి, వైష్ణవి వాంతుల సంగతి. "తప్పయింది జానమ్మా. రేపటి నుంచి మల్ల పోయ్. మా ఇంటికైతే రెండు పూటలా పోయ్."

జానమ్మ బర్రె మెడ మీది ఈగలను తోలింది. "ఇప్పుడు పాలన్నీ డెయిరీకి పోస్తున్న. ఆడ నా మొకం ఎవరు సూడరు. డబ్బలు సూస్తరు. అదే నయమున్నదనిపిస్తంది."

"అట్లనకు. నాకు కడుపుల కలుక్కుమంటున్నది."

"మీరు గేటుకాడ అన్నరమ్మా. గల్లీ అంత ఇన్నది. ఇప్పుడు నా కొట్టంలకొచ్చి తప్పయిందంటున్నరు. గీడ ఎవరున్నరు ఇననీకి? ఈ బర్రె ఉన్నది. దానికి ఎప్పుడో ఎరికే."

"ఇంటింటికి పోయి చెప్పిన. పాలు మంచియే అన్న. ఎవ్వరు నమ్ముతలేరు."

"పాలెవరు తాగిన్రో చెప్పిన్రా?"

లీలావతి తలదించుకుంది.

"చెప్పలే," అంది జానమ్మ. కోపంగా అనలేదు. "మీ బిడ్డ పేరు మీకు తీపి. నా పేరు ఎవరికి తీపి ఉంటదమ్మా? మా ఊరోళ్లు గూడ అడుగుతున్నరు, సూర్యాపేటల యూరియా పాలు పోసినవట కదా అని. నవ్వుకుంటనే అడుగుతున్నరు." ఆమె ఇంకో చేరెడు గడ్డి వేసింది. "రేపు పొద్దుగాల వస్త. డబ్బ నింపుకొనే వస్త. గేటుకాడ అన్న మాట గేటుకాడనే తీసుకోండ్రి. గప్పుడు సూద్దాం."

ఇంటికి వచ్చాక లీలావతి కాళ్లు కడుక్కొని వచ్చింది. వైష్ణవి మజ్జిగలో అన్నం కలుపుకొని తింటుంటే చూస్తూ కూర్చుంది. వాసన చూడకుండా, ముక్కు మూసుకోకుండా, ఆకలితో తింటోంది. పక్కన ఊరగాయ చెక్క. గిన్నె ఖాళీ అయ్యాక మళ్లీ అడిగింది.

"రేపు నువ్వు బయటికి రాకు," అంది లీలావతి వడ్డిస్తూ. "ఏదో ఒకటి నేనే సర్ది చెప్త. పిల్లికి నేనే తీపిపాలు అలవాటు చేసిన అని అంట."

వైష్ణవి ముద్ద ఆపి తల్లి వంక చూసింది.

పొద్దున ఆటో ఆగింది. "పాలూ" అన్న కేక వినిపించగానే గేట్ల దగ్గరికి జనం వచ్చారు. గిన్నెలతో రాలేదు, చూడ్డానికి వచ్చారు. జానమ్మ డబ్బాను లీలావతి గేటు ముందు, అదే చోట దింపింది. మూత తీయలేదు. చేతులు కట్టుకొని నిలబడింది.

లీలావతి గేటు తీసుకొని బయటికి వచ్చింది. బాల్కనీలో దేవిక చేతిలో ఫోన్ ఉంది. ఆ ఫోన్‌ను చూడగానే కోదాడ కనిపించింది, దాని వెనక మిర్యాలగూడ కనిపించింది.

"అందరు ఇనుండ్రి. ఆ రోజు నేను... జానమ్మ పాలు మంచియే. పిల్లి తాగకపోయేసరికి నేను ఆగమైన. పిల్లికి ముందుగాలనే కడుపు నిండి ఉండె."

"ఏం తిని నిండిందక్కా?" అంది దేవిక పైనుంచి.

లీలావతి పెదవులు కదిలాయి. నేనే అలవాటు చేశాను అన్న మాట నాలుక మీదికి వచ్చింది. జానమ్మ ఆమె వంకే చూస్తోంది. మూత మీద చెయ్యి పెట్టుకొని చూస్తోంది.

"నా బిడ్డ పాలు," అంది లీలావతి. "నా బిడ్డ తాగుతలేదు. వాసన పడుతలేదు దానికి. నేను తాగు తాగు అని సతాయిస్తే నాకు చెప్పలేక పిల్లికి పోసింది. కుంకుమపువ్వేసిన తీపిపాలు. జానమ్మ తెచ్చిన పాలే అవి. గుడ్లు కుక్కకేసింది. అందుకే దాని తూకం ఎక్కలే. పాలల్ల ఏం లేదు. ఏం కలపని మనిషిని పట్టుకొని నేను దొంగ అన్న."

వెనక చెప్పుల చప్పుడైంది. వైష్ణవి గేటు దాకా వచ్చి, చువ్వ పట్టుకొని నిలబడింది. "అవును. నేనే పోసిన," అంది. మొహం పాలిపోయి ఉంది. "తప్పు నాది. జానమ్మత్తా, ఆ రోజే చెప్పాల్సుండె."

బాల్కనీలో దేవిక ఫోన్ పట్టుకొని లోపలికి వెళ్లిపోయింది. తలుపు వేసుకున్న చప్పుడైంది. ఎవరో పక్కవాళ్ల చెవిలో ఏదో అన్నారు. నవ్వు వినిపించింది. రామలింగయ్య కుర్చీలోంచి లేచి, లోపలికి పోయి గ్లాసు తెచ్చుకున్నాడు.

"పొయ్యవమ్మా. ప్యాకెట్ల పాల చాయ తాగితే నోట్లె సున్నం పెట్టినట్టున్నది," అన్నాడు.

జానమ్మ మూత తీసింది. కలియదిప్పి ఆయన గ్లాసు నింపింది. లీలావతి గబగబా లోపలికి పోయి తన గిన్నె తెచ్చి చాపింది. జానమ్మ ఆ గిన్నెలోనూ పోసింది, కొలతకు సరిగ్గా. డబ్బా ఇంకా నిండుగానే ఉంది. ఆమె మూత పెట్టి, సుట్టబట్ట నెత్తిన పెట్టుకొని, డబ్బా ఎత్తుకొని పక్క గేటు దాకా నడిచింది. అక్కడ దింపి వెనక్కి తిరిగింది.

"రాండ్రమ్మా," అంది. "మీ గేటుకాడ ఇన్నోళ్లు ఇన్నరు. గీళ్లు లోపట ఉన్నరు కదా."

లీలావతి చేతిలోని గిన్నె బిడ్డకు ఇచ్చింది. వైష్ణవి దాన్ని మొహానికి దూరంగా పట్టుకొని లోపలికి పోయింది. ఇంట్లో ఫోన్ మోగుతోంది. ఈ వేళప్పుడు మిర్యాలగూడ నుంచే అయి ఉంటుంది. దేవిక ఫోన్ ఇంత తొందరగా అక్కడిదాకా పోయిందా, వియ్యపురాలు రోజూ చేసే ఫోనేనా? లీలావతి కాళ్లు ఒకసారి ఇంటి వైపు తిరిగాయి. ఫోన్ ఆగిపోయి, మళ్లీ మొదలైంది. లోపల వైష్ణవి "హలో, అత్తమ్మా" అనడం వినిపించింది.

లీలావతి కొంగు భుజం చుట్టూ లాక్కుని పక్క గేటు దగ్గరికి నడిచింది. గొళ్లెం కొట్టింది. ఆ ఇంటి కోడలు తడి జుట్టుతో వచ్చి నిలబడితే, మొదటి నుంచి మళ్లీ చెప్పింది. బిడ్డ పాలు తాగడం లేదని, పిల్లికి పోసిందని, తాను దొంగ అన్నానని. ఆ కోడలు వింది. గిన్నె తేలేదు. జానమ్మ డబ్బా ఎత్తుకుంది.

తర్వాతి గేటు దగ్గర గొంతు కొంచెం సాఫీగా వచ్చింది. అక్కడ ఒక గిన్నె వచ్చింది. ఆ తర్వాతి ఇంట్లో కిటికీలోంచి ఎవరో చూస్తున్నారు కానీ ఎంత కొట్టినా తలుపు తీయలేదు. జానమ్మ డబ్బా మీద చెయ్యి వేసి, ఇక పోదామా అన్నట్టు చూసింది.

లీలావతి కదల్లేదు. మూసి ఉన్న ఆ తలుపుకు ఎదురుగా నిలబడి, లోపల ఉన్నవాళ్లకు వినిపించేటట్టు, గొంతు పెంచి చెప్పడం మొదలుపెట్టింది.